పళ్ళు తెల్లబడాలి, జివ్వుమనకూడదు

ఆషాఢం వెళ్ళిపోతోందంటే బట్టల కొట్లూ, బంగారం కొట్లూ ఎంత కిటకిటలాడతాయో, మా పళ్ళ డాక్టర్ల వరండాలూ అంతే కిటకిటలాడతాయని మీలో చాలామందికి తెలియదు. శ్రావణంలో ముహూర్తాలు. పెళ్ళికూతురికి చీరలయ్యాయి, నగలయ్యాయి, ఇక మిగిలింది పళ్ళు. "ఫోటోల్లో తెల్లగా పడాలి డాక్టరుగారూ, ఎన్నాళ్ళు పడుతుంది?" అంటూ వస్తారు. ఎన్నాళ్ళని అడిగేవాళ్ళు నయం. ఎన్ని గంటలని అడిగేవాళ్ళే ఎక్కువ.

పోయిన ఏడాది అలాగే ఒక తల్లీ కూతుళ్ళు వచ్చారు. అమ్మాయి బ్యాంకులో పనిచేస్తోంది. పెళ్ళి పదకొండు రోజుల్లోకి వచ్చింది. తల్లే మాట్లాడుతోంది. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూర్చుంది. సంగతేమిటంటే, నిశ్చితార్థం నాడు పెళ్ళికొడుకు మేనత్త "పిల్ల చక్కగా ఉంది, పళ్ళే కాస్త పసుపు" అన్నదట. అన్నావిడ ఆ మాట భోజనాల దగ్గరే మరిచిపోయి ఉంటుంది. ఈ పిల్ల మాత్రం ఆ రోజునుంచీ నవ్వడం మానేసింది.

నవ్వడం మానేసి ఊరుకున్నా బాగుండేది. ఫోనులో ఎవరో చెప్పారని నెలన్నర రోజులు పొద్దునా సాయంత్రం నిమ్మరసంలో ఉప్పు కలిపి పళ్ళు తోమింది. మధ్యమధ్య బొగ్గుపొడి. కుర్చీలో పడుకోబెట్టి, గాలిగొట్టంతో ముందుపళ్ళ మీద కాస్త గాలి వదిలానో లేదో, కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. కళ్ళ వెంట నీళ్ళు. ఫ్యాను గాలికి కూడా జివ్వుమంటోందట. కుండలో నీళ్ళు తాగడం మానేసి పదిహేను రోజులయిందట.

"ఒక్క గంటలో ఏదో లైటు పెట్టి తెల్లగా చేసేస్తారట కదండీ?" అంది తల్లి.

"చేస్తారమ్మా. ఈ అమ్మాయికి మాత్రం నేను చెయ్యను" అన్నాను.

ఆమెకు కోపం వచ్చింది. "డబ్బు గురించి ఆలోచించకండి" అంది. డబ్బు గురించి కాదని ఎలా చెప్పను? చెప్పాలంటే నా తప్పొకటి చెప్పాలి. ఆ రోజు ఆమెకు చెప్పినదే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

నేను ప్రాక్టీసు పెట్టిన కొత్తలో, 2006లో, ఒక హైస్కూలు టీచరుగారు వచ్చారు. సెప్టెంబరు 5న ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఆవిడకు సన్మానం. యాభై దాటిన మనిషి. జీవితంలో మొదటిసారి తన అందం కోసం డబ్బు ఖర్చు పెడుతున్నానని సిగ్గుపడుతూ చెప్పారు. వెళ్ళేముందు ఒక మాట అన్నారు: "చన్నీళ్ళు తాగితే ఎడమవైపు కాస్త లాగుతుంది బాబూ, ఫరవాలేదు కదా?" విన్నాను. వినడం వేరు, పట్టించుకోవడం వేరు. అప్పుడే కొత్తగా దీపం మిషను కొన్నాను. దాన్ని వాడాలనే ఉబలాటం నాది. 35 శాతం హైడ్రోజన్ పెరాక్సైడు జెల్ రాసి, దీపం కింద పావుగంట చొప్పున మూడుసార్లు పెట్టాను. అద్దం చూసుకుని ఆవిడ మురిసిపోయారు. నేనూ మురిసిపోయాను.

రాత్రి పదకొండున్నరకు ఫోను. "బాబూ, పళ్ళల్లోంచి కరెంటు పోతున్నట్టుంది. నోరు మూసినా అంతే, తెరిచినా అంతే" అన్నారు. నొప్పి మాత్ర చెప్పాను. మర్నాడు ఇంటికి వెళ్ళి చూసి వచ్చాను. మూడు రోజులు గోరువెచ్చటి జావ తాగి గడిపారు. సన్మానసభలో మాట్లాడుతుంటే గాలి తగిలి జివ్వుమంటోందని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాట్లాడారు. నవ్వడానికి తెల్లబరిపించుకున్న పళ్ళు ఆ రోజు ఒక్క ఫోటోలోనూ కనిపించలేదు. ఆవిడ నన్ను పల్లెత్తు మాట అనలేదు. అదే నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

వారం తరువాత ఆవిడ నోరు తీరిగ్గా చూశాను. ఎడమవైపు చిగుళ్ళు కిందికి జారి, మూడు పళ్ళ మెడల దగ్గర గోటితో గీరినట్టు గాట్లు పడి ఉన్నాయి. గట్టి బ్రష్షుతో ముప్ఫై ఏళ్ళు అడ్డంగా రుద్దిన ఫలితం. పైగా ఆవిడకు పుల్లటి తేన్పులు, ఏళ్ళ తరబడి మాత్రలు వాడుతున్నారు. కడుపులోని ఆమ్లం నోట్లోకి ఎగదన్ని వెనకపళ్ళ లోపలివైపు అరగదీసింది. ఇదంతా ముందే చూడటానికి అయిదు నిమిషాలు చాలు. ఆ అయిదు నిమిషాలు నేను మిషను ముస్తాబుకు ఖర్చు పెట్టాను.

ఇంతకీ పళ్ళు ఎందుకు జివ్వుమంటాయి? పంటికి పైన పింగాణీలాంటి పొర ఉంటుంది, దాన్నే ఎనామెల్ అంటారు. మన ఒంట్లో దానికంటే గట్టిది మరొకటి లేదు. దాని కింద డెంటిన్ అనే పొర. అది చూడటానికి గట్టిగానే ఉన్నా, నిండా వెంట్రుకకంటే సన్నని గొట్టాలు. వేలకు వేలు. ఆ గొట్టాల్లో ద్రవం, వాటి లోపలి చివర నరం. పైపొర అరిగినా, చిగురు జారి వేరు బయటపడినా ఆ గొట్టాల మూతులు తెరుచుకుంటాయి. చన్నీళ్ళు తగిలినా, గాలి తగిలినా లోపలి ద్రవం చప్పున కదులుతుంది. ఆ కదలిక నరాన్ని లాగుతుంది. అదే మీకు జివ్వుమనడం. స్వీడను దేశపు బ్రానస్ట్రోమ్ అనే దంతశాస్త్రజ్ఞుడు 1960లలో చేసిన ప్రయోగాలవల్ల ఈ సంగతి స్థిరపడింది.

మరి పళ్ళకు ఆ పసుపు ఎక్కడిది? చాలామంది మురికి అనుకుంటారు. కాదు. ఎనామెల్ గాజులాగా కాస్త లోపలికి చూపించే పొర. దాని వెనకనున్న డెంటిన్ పుట్టుకతోనే లేత పసుపు. కాబట్టి ఆరోగ్యమైన పన్ను లేత పసుపుగానే ఉంటుంది. కోరపళ్ళు ఇంకాస్త ఎక్కువ పసుపు, వాటిలో డెంటిన్ ఎక్కువ గనక. వయసు పెరిగేకొద్దీ పైపొర పలచబడుతుంది, లోపలిది మందమవుతుంది, పసుపు హెచ్చుతుంది. మన కవులు పలువరుసను మల్లెమొగ్గలతోనూ, దానిమ్మ గింజలతోనూ పోల్చారు. మల్లెమొగ్గను ఎప్పుడైనా సున్నం గోడ పక్కన పెట్టి చూశారా? అది సున్నమంత తెల్లగా ఉండదు. సినిమాతారల పళ్ళు చూసి సున్నం రంగు కావాలని వచ్చేవాళ్ళకు నేనీ మాట చెబుతూ ఉంటాను. కొందరు నవ్వుతారు, కొందరు వేరే డాక్టరు దగ్గరికి పోతారు.

ఇప్పుడు ఆ అమ్మాయి చేసిన పని ఆలోచించండి. నిమ్మరసం ఎనామెల్‌ను కరిగించి మెత్తబరుస్తుంది. మెత్తబడ్డ పొరను ఉప్పుగల్లు, బొగ్గుపొడి గీరేస్తాయి. మొదటి నాలుగు రోజులు తళుక్కుమంటాయి, టీ మరకలు పోతాయి గనక. ఆ తరువాత పైపొర పలచబడి లోపలి పసుపు మరింత కనిపిస్తుంది. "ఇంకా పసుపుగానే ఉన్నాయే" అని ఇంకా గట్టిగా తోముతారు. తెలుపు కోసం తోమినకొద్దీ పసుపే మిగులుతుంది, దానికి తోడు జివ్వు. మన పెద్దవాళ్ళు వాడిన కచ్చిక, ఇటుకపొడి కూడా ఇదే పని చేశాయి. పోయిన ఎనామెల్ మళ్ళీ పెరగదు. గోరు పెరుగుతుంది, వెంట్రుక పెరుగుతుంది, ఎనామెల్ పెరగదు. మందుల షాపులో పుండ్లు కడగడానికి అమ్మే నురగమందు తెచ్చి దూదితో పళ్ళకు రాసుకుని, చిగుళ్ళు తెల్లగా కాలిపోయి వచ్చినవాళ్ళనూ చూశాను. అది చెయ్యకండి.

మేము వాడే మందూ ఆ జాతిదే కదా అని మీరు అడగవచ్చు. నిజమే. తేడా పాళ్ళలో ఉంది, పద్ధతిలో ఉంది. పెరాక్సైడు పంటిని గీరదు. ఎనామెల్ గుండా లోపలికి ఇంకి, రంగునిచ్చే పదార్థాలను విరగ్గొట్టి రంగు తగ్గిస్తుంది. అలా ఇంకేటప్పుడు కొద్ది నిమిషాల్లోనే నరం దాకా పోతుంది. అందుకే దిట్టమైన పళ్ళున్నవాళ్ళకూ నాలుగు రోజులు కాస్త జివ్వుమనడం మామూలు. అది దానంతటదే పోతుంది. ముందే జివ్వుమనే పళ్ళలో గొట్టాలు తెరిచే ఉన్నాయి గనక మందు మరీ సులువుగా పోతుంది. మా దగ్గర కుర్చీలో రాసే జెల్‌లో పెరాక్సైడు 25 నుంచి 40 శాతం దాకా ఉంటుంది. దీపంవల్ల అదనంగా వచ్చే తెలుపు, ఉన్నా చాలా స్వల్పం. జివ్వు మాత్రం పెరగవచ్చు. ఇంకో గుట్టు చెబుతాను. గంటసేపు నోరు తెరిచి ఉంచితే పళ్ళు ఆరిపోయి, ఉన్నదానికంటే తెల్లగా కనిపిస్తాయి. కుర్చీ దిగి అద్దం చూసుకున్నప్పటి తెలుపులో కొంత ఆ ఆరుదల తెలుపే. నాలుగు రోజుల్లో అది దిగిపోతుంది. టీచరుగారు మురిసిన తెలుపులో ఎంత నిజమో నాకప్పుడు తెలియదు.

మెత్తటి పద్ధతి ఇంకొకటి ఉంది. అది అనుకోకుండా దొరికింది. 1960లలో అమెరికాలో ఒక పళ్ళ డాక్టరు, పుండుపడిన చిగుళ్ళకని కార్బమైడు పెరాక్సైడు అనే మందును తొడుగులో వేసి రాత్రిళ్ళు పెట్టుకోమన్నాడు. చిగుళ్ళతోపాటు పళ్ళూ తెల్లబడ్డాయి. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు దీన్ని పద్ధతిగా రాసి ప్రకటించారు. అందులో వాడేది 10 శాతం కార్బమైడు పెరాక్సైడు. లెక్క కడితే అందులో హైడ్రోజన్ పెరాక్సైడు సుమారు 3.5 శాతమే. నేను టీచరుగారికి రాసినదాంట్లో పదోవంతు. గంటలో అయ్యే పని వారాలు పడుతుంది, అంతే. చివరికి చేరే రంగు దాదాపు ఒకటే.

ఆ పద్ధతికైనా ముందు నోరు సిద్ధం కావాలి. పిప్పిపళ్ళుంటే పూడ్చాలి. పగుళ్ళున్నాయేమో చూడాలి. గార తీయాలి. గార తీస్తే పళ్ళు వదులవుతాయని భయపడేవాళ్ళు ఇంకా ఉన్నారు. వదులు చేసేది గార, తీయడం కాదు. చాలామందికి గార, టీ కాఫీల మరకలు, కిళ్ళీ మరకలు పోగానే రూపాయికి ఆరణాల పని అయిపోతుంది. మిగతాది అక్కర్లేదని ఇంటికి పోతారు. నేనూ సంతోషంగా పంపిస్తాను.

మెడల దగ్గర గాట్లుంటే పంటిరంగు సిమెంటుతో మూస్తాం. ఆ తరువాత రెండు వారాలపాటు 5 శాతం పొటాషియం నైట్రేటు ఉన్న పేస్టుతో మెత్తటి బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోమమంటాం. అది నరాన్ని నిదానింపజేస్తుంది. రెండు రోజులు వాడి పనిచెయ్యలేదని పారెయ్యకండి, దానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. తోమాక నోరు నీళ్ళతో గుప్పెళ్ళకొద్దీ పుక్కిలించకుండా ఉమ్మేసి ఊరుకుంటే మందు కాసేపు పళ్ళమీద నిలుస్తుంది.

అప్పుడు పళ్ళ అచ్చు తీసి, పలచటి మెత్తటి తొడుగు తయారుచేస్తాం. అది మీ పళ్ళకే సరిపోవాలి. బజారులో అందరికీ ఒకటే కొలతతో దొరికే తొడుగుల్లోంచి మందు చిగుళ్ళమీదికి కారుతుంది. ఒక్కొక్క పంటి గదిలో బియ్యపుగింజంత జెల్, అంతకు మించి వద్దు. జివ్వుమనే పళ్ళవాళ్ళకు నేను మొదట రోజు విడిచి రోజు, గంట చొప్పున మొదలుపెడతాను. ఓర్చుకోగలిగితే రెండు గంటలు. జివ్వుమంటే ఆపెయ్యడమే, రెండు రోజులు మానెయ్యడమే. ఆ రోజుల్లో తెల్లబరిచే జెల్ బదులు అదే తొడుగులో పొటాషియం నైట్రేటు జెల్ వేసి పావుగంట, అరగంట పెట్టుకుంటే నెమ్మదిస్తుంది. మొత్తం మూడు నుంచి ఆరు వారాలు. మధ్యలో మానేసిన రోజులు నష్టం కావు. వైద్యుడి దగ్గరే కూర్చుని చేయించుకోవాలనుకునేవాళ్ళకు తక్కువ పాళ్ళ జెల్, తక్కువ నిమిషాలు, చిగుళ్ళకు కవచం, దీపం లేకుండా, రెండు మూడు విడతలుగా చెయ్యవచ్చు.

ఆ రోజుల్లో ఏం తినాలని అడుగుతారు. పెట్టుకున్న తరువాత కొన్ని గంటలు కాఫీ, పసుపు దండిగా వేసిన పులుసులు, కూల్‌డ్రింకులు మానండి. ఇడ్లీ కొబ్బరిచట్నీ, పెరుగన్నం తినండి. చింతపండు, నిమ్మ తిన్న వెంటనే తోమకండి, అరగంట ఆగండి.

గర్భిణులూ, పాలిచ్చే తల్లులూ వాయిదా వేసుకోవాలి. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్లలకు అసలు వద్దు. ఐరోపా దేశాల్లో 2012 నుంచి చట్టమే ఉంది: పద్దెనిమిదేళ్ళ లోపువాళ్ళకు వాడకూడదు, 6 శాతం దాటి పెరాక్సైడు పనికిరాదు, తక్కువ పాళ్ళదైనా మొదటిసారి పళ్ళ డాక్టరే వాడాలి. కట్టుడు పళ్ళూ, తొడుగు పళ్ళూ, పూడ్చిన సిమెంటూ రంగు మారవు. వాటి పక్కన సొంత పళ్ళు తెల్లబడితే తేడా బయటపడుతుంది, ముందే ఆలోచించుకోవాలి. చిన్నప్పుడు దెబ్బతగిలి ఒక్క పన్నే నల్లబడితే అది నరం చచ్చిన పన్ను, దాని వైద్యం వేరు. ఇక నల్లగొండ వైపునుంచి వచ్చేవాళ్ళ పళ్ళమీది గోధుమరంగు మచ్చలు ఫ్లోరైడు నీళ్ళవి. 1937లోనే నెల్లూరు జిల్లా పల్లెల్లో ఈ ఫ్లోరైడు జబ్బును డాక్టర్లు గుర్తించి రాశారు. చిన్ననాడు పన్ను తయారయ్యేటప్పుడే పడిన మచ్చ గనక తరువాత నీళ్ళు మారినా అది పోదు. తెల్లబరిచే మందుతో కొంత తగ్గుతుంది, మొత్తం పోతుందని ఎవరైనా మాట ఇస్తే నమ్మకండి.

అమ్మాయి దగ్గరికి వస్తాను. టీచరుగారి కథ విన్నాక తల్లి మెత్తబడింది. అమ్మాయి మొదటిసారి నోటిమీంచి చెయ్యి తీసి, "పెళ్ళినాటికి నాకు పళ్ళు తెల్లబడకపోయినా ఫరవాలేదండీ. పానకం తాగితే జివ్వుమనకుండా ఉంటే చాలు" అంది. నిమ్మకాయలూ బొగ్గుపొడీ ఆ పూటనుంచే బందు. గార మెల్లగా తీశాను, రెండు విడతలుగా. పళ్ళకు ఫ్లోరైడు వార్నిష్ పూశాను. మెత్తటి బ్రష్షూ, నేను చెప్పిన పేస్టూ. తొమ్మిదో రోజున మళ్ళీ గాలి వదిలి చూశాను. కుర్చీ చేతులు పట్టుకోలేదు. పోయిన ఎనామెల్ తెచ్చివ్వలేదు, కానీ నొప్పి తగ్గింది. రంగు? గార పోయినంత మేరకు బాగుపడింది, అంతకుమించి కాదు. ఫోటోల్లో నవ్వింది. నేను చూశాను, శుభలేఖ ఇచ్చారు, భోజనానికి వెళ్ళాను. మేనత్తగారు కూడా అక్కడే ఉన్నారు. ఆవిడ పళ్ళు నేను పరీక్షగా చూశానని ఒప్పుకుంటాను.

కార్తీకమాసంలో అమ్మాయి భర్తను వెంటబెట్టుకుని వచ్చింది. ఇప్పుడు తొందర లేదు, చెయ్యండి అంది. అతను "బాగానే ఉన్నాయి కదండీ, ఎందుకు?" అన్నాడు. "నాకోసం" అంది ఆ అమ్మాయి. రంగుల నమూనా పళ్ళు పదహారు ఉంటాయి మా దగ్గర, పక్కన పెట్టి పోల్చి రాసుకున్నాను. 10 శాతం జెల్, రోజు విడిచి రోజు గంట. రెండో వారంలో జివ్వుమంటోందని ఫోను చేసింది. నాలుగు రోజులు మానెయ్యమన్నాను. అయిదున్నర వారాలు పట్టింది. ఇంకా తెల్లగా చెయ్యవచ్చు, ఇక చాలు అంది. ఏడాదికో, రెండేళ్ళకో కాస్త రంగు దిగుతుంది, అప్పుడు అదే తొడుగులో నాలుగు రాత్రులు పెట్టుకుంటే సరిపోతుందని చెప్పి పంపాను.

టీచరుగారు రిటైరయ్యారు. ఆ సంఘటన తరువాత రెండేళ్ళు నా గడప తొక్కలేదు. మూడో ఏట ఆవిడే వచ్చి, "ఆ మెత్తటి పద్ధతేదో ఉందటగా, అది చేసి చూడు" అన్నారు. తేన్పులకు కడుపు డాక్టరు దగ్గరికి పంపి, గాట్లు పూడ్చి, ఏడు వారాలు తీసుకుని చేశాను. ఒక్క రాత్రి కూడా ఫోను రాలేదు. ఇప్పుడు ఆరునెలలకోసారి గార తీయించుకోవడానికి వస్తారు. పళ్ళు జివ్వుమనడం లేదు, చన్నీళ్ళు కూడా తాగుతానంటారు. అయినా నా గదికి వచ్చేటప్పుడు మాత్రం చేతిసంచిలో గోరువెచ్చటి నీళ్ళ ఫ్లాస్కు పెట్టుకునే వస్తారు.